డేగ, కాకి, పచిరిసు: టీం కట్టడం వెనకున్న చరిత్ర

భీమవరం నుంచి మళ్ళీ వచ్చేశాను.

మీలో చాలామంది నన్ను అడుగుతున్నది ఒకటే. "అన్నా, పోకెమాన్‌లో ర్యాంక్ ఎక్కే టీం ఒకటి చెప్పెయ్" అని. ఆరు పేర్లు చెప్పడం నాకు అర నిమిషం పని. మీరు అది కాపీ కొడతారు, రెండు మ్యాచ్‌లు గెలుస్తారు, మూడోదాంట్లో ఎందుకు ఓడిపోయారో తెలీక ఫోన్ మంచం మీదకి విసిరేస్తారు. అందుకని ఈ రోజు పేర్లు కాదు, అసలు "బ్యాలెన్స్ ఉన్న టీం" అనే ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎలా మారింది అన్నది మాట్లాడుకుందాం. కొంచెం చరిత్ర ఉంటుంది. మధ్యలో పారిపోవద్దు.

ఈ టాపిక్ పండక్కి ముందే పెట్టడానికి ఇంకో కారణం ఉంది. మా బావలు నన్ను ఏడిపిస్తుంటారు. "బీటెక్ చదివి బొమ్మల కోడిపందేలు ఆడుతున్నావు, మేం నిజం కోళ్ళతో ఆడతాం, అంతేగా తేడా" అని. ఈ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం చాలా పెద్ద తప్పు. ఆ రెండూ ఈ రోజు తేల్చేద్దాం.

ముందు నిజం ఉన్న సగం. గోదావరి జిల్లాల్లో పుట్టినవాడికి టైప్ చార్ట్ కొత్త విషయం కాదండి. ఫైర్ మీద వాటర్, వాటర్ మీద గ్రాస్ అని మీరు నేర్చుకోకముందే, మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి ఇంకో చార్ట్ నోటికి వచ్చు. నల్ల ఈకలుంటే కాకి. ఎర్రవైతే డేగ. తెల్లవైతే సేతువ. వీపు మీద, రెక్కల మీద పసుపు తేలితే నెమలి. మెడ మీద నలుపు తెలుపు కలిసి ఉంటే పర్ల. మెడ మొత్తం నల్లగా ఉంటే సవల. నలుపు, ఎరుపు, పసుపు మూడూ ఉంటే కౌజు. ఎరుపులో బూడిదరంగు కలిస్తే మైల. ఇంకా పూల, పింగళ, ముంగిస, కొక్కిరాయి. మళ్ళీ వీటిలో డ్యూయల్ టైప్‌లు కూడా ఉన్నాయి: కాకి డేగ, కాకి నెమలి, అలాగన్నమాట. నేను చిన్నప్పుడు మా మావయ్య వెనక తిరిగి ఇవన్నీ నేర్చుకున్నాను. అప్పుడు టీవీలో పోకెమాన్ కూడా వచ్చేది. నా బుర్రలో రెండూ ఒకే అరలో కూర్చున్నాయి.

ఈ లెక్కనే కుక్కుటశాస్త్రం అంటారు. చిన్న పుస్తకాలుగా అమ్ముతారు. ఏ వారం ఏ రంగు పుంజు ఏ రంగు మీద గెలుస్తుంది, ఏ దిక్కు నుంచి వదలాలి, శుక్లపక్షమా కృష్ణపక్షమా, అన్నీ ఉంటాయి. పంచపక్షి లెక్క కూడా ఇందులో కలుస్తుంది. అంటే పగటిని ఐదు భాగాలు చేసి, ఒక్కో భాగంలో ఒక్కో పక్షి రాజ్యం, భోజనం, గమనం, నిద్ర, మరణం అనే ఐదు అవస్థల్లో ఏదో ఒకదాంట్లో ఉంటుందని చెప్పడం. నిద్రావస్థలో ఉన్న పుంజుని దింపకూడదు. గేమ్ భాషలో చెప్పాలంటే ఇది స్టేటస్ కండిషన్. సంక్రాంతి వచ్చేసరికి ఏ రోజు ఏ రంగుకి జయం అని వార్తల్లో కూడా వస్తుంటుంది, చూసే ఉంటారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈ శాస్త్రం నమ్మేవాడు ఎవడూ ఒకే రంగు పుంజులు పెంచలేడు. ఈ రోజు డేగకి బాగుంటే రేపు కాకికి బాగుంటుంది. కాబట్టి రెండు డేగలు, ఒక కాకి, ఒక నెమలి, ఒక పర్ల, ఇలా కలిపి మేపుకోవాల్సిందే. అది టీం బిల్డింగ్ కాకపోతే ఇంకేంటి?

ఇది ఎంత పాతదో చెప్తాను. సంస్కృతంలో దండి రాసిన దశకుమారచరితం అని ఉంది. ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటిది అంటారు. అందులో ప్రమతి అనే కుర్రాడు దారిలో ఒకచోట కోడిపందెం చూస్తాడు. నారికేళ జాతి పుంజు మీదకి బలాక జాతి పుంజుని దింపడం చూసి నవ్వుతాడు. ఏ జాతి మీదకి ఏ జాతిని దింపాలో తెలియకుండా ఎలా దింపారు అన్నట్టుగా. అంటే దాదాపు 1300 ఏళ్ళ కిందటే మ్యాచప్ చూసి నవ్వుకునేవాళ్ళు ఉన్నారు. మన గేమింగ్ గ్రూపుల్లో ఉన్న వెటకారం కూడా అంత పాతదే అన్నమాట. ఈ పుస్తకాన్ని 13వ శతాబ్దంలో కేతన తెలుగులోకి తెచ్చి తిక్కనకి అంకితం ఇచ్చాడు. ఆ తర్వాత ఓరుగల్లు వీధుల్ని వర్ణించిన క్రీడాభిరామంలో కూడా కోడిపోరు ఉంది.

ఇక పల్నాడు కథ. అది మీ అందరికీ తెలుసు, సినిమాగా కూడా చూసుంటారు. 12వ శతాబ్దం. ఒక పక్క గురజాల, నలగామరాజు, నాయకురాలు నాగమ్మ. ఇంకో పక్క మాచర్ల, మలిదేవుడు, బ్రహ్మనాయుడు. కోడిపందెం పెట్టుకున్నారు. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలిపోవాలని షరతు. మాచర్ల వాళ్ళు ఓడిపోయారు, వెళ్ళిపోయారు. గడువు అయ్యాక వచ్చి రాజ్యం అడిగితే ఇవ్వలేదు. చివరికి అది కారంపూడి యుద్ధం దాకా వెళ్ళింది.

ఈ కథని అందరూ మోసం కోణంలో, పౌరుషం కోణంలో చెప్తారు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఐదేళ్ళు పనిచేసి వచ్చినవాణ్ణి కదా, నాకు కనిపించేది వేరే. ఒక రాజ్యం మొత్తాన్ని ఒక్క పుంజు మీద పెట్టారు. బ్యాకప్ లేదు. మా ఆఫీసులో దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అనేవాళ్ళం. ఒక్క సర్వర్ పడిపోతే మొత్తం సైట్ పడిపోయే డిజైన్. మీరు టీంలో ఒక లెజెండరీని పెట్టుకుని, మిగతా ఐదుగుర్నీ దాని వెనక చప్పట్లు కొట్టడానికి పెడతారు చూడండి, అది సరిగ్గా ఈ డిజైనే.

సరే, జపాన్ వెళ్దాం.

1996 ఫిబ్రవరి 27న పోకెమాన్ రెడ్, గ్రీన్ వచ్చాయి. తయారు చేసింది గేమ్ ఫ్రీక్ అనే కంపెనీ, వెనకున్న మనిషి సతోషి తజిరి. చిన్నప్పుడు పురుగులు పట్టుకుని దాచుకునేవాడు. ఆ సరదానే గేమ్ చేశాడు. గేమ్ బాయ్‌లు రెండింటికీ కేబుల్ తగిలించి నీ పురుగు నాకిస్తే నా పురుగు నీకిస్తా అనుకోవడం, కొట్టుకోవడం. 151 పోకెమాన్‌లు, 15 టైప్‌లు.

ఇప్పుడు ఇక్కడ ఆగండి, ఇదే నాకు ఇష్టమైన భాగం. ఆ మొదటి గేమ్‌లో బ్యాలెన్స్ ఘోరంగా ఉండేది. సైకిక్ టైప్‌ని ఆపేవాడే లేడు. ఎందుకో చూద్దాం. సైకిక్‌ని కొట్టాలంటే బగ్ టైప్ కావాలి. కానీ బగ్ దెబ్బలన్నీ దోమ కుట్టినట్టు ఉండేవి. పైగా బీడ్రిల్‌లాంటి బగ్‌లకి పాయిజన్ కూడా కలిసి ఉండేది, పాయిజన్ అంటే సైకిక్‌కి పండగ. మరి ఘోస్ట్? కార్టూన్‌లో ఘోస్ట్ సైకిక్‌ని కొడుతుంది. గేమ్‌లో మాత్రం కోడ్ తేడాగా ఉండి ఘోస్ట్ దెబ్బ సైకిక్‌కి అస్సలు తగలదు. పైగా ఉన్న ఘోస్ట్‌లు ఒక్క కుటుంబమే: గాస్ట్లీ, హాంటర్, గెంగార్. వాటికీ పాయిజనే కలిసి ఉంది. అంటే కొట్టడానికి వెళ్ళినవాడే తన్నులు తిని వచ్చేవాడు. అలకజామ్, స్టార్మీ, ఎగ్జెగ్యుటర్ లేని గట్టి టీం దాదాపు కనిపించేది కాదు. ఇంకో పక్క టారోస్, స్నోర్లాక్స్, చాన్సీ. అందరి జేబుల్లోనూ ఒకే టీం.

151 పోకెమాన్‌లు ఉన్నా పనికొచ్చేవి పది పన్నెండే అయితే అది ఆట కాదండి, క్యూ.

1999 నవంబర్‌లో గోల్డ్, సిల్వర్ వచ్చాయి. డార్క్, స్టీల్ అని రెండు కొత్త టైప్‌లు. డార్క్‌కి సైకిక్ దెబ్బ అసలు తగలదు. స్టీల్‌కి సగమే తగులుతుంది. అంతకుముందు "స్పెషల్" అని ఒకటే అంకె ఉండేది, దాడికీ అదే, కాపుకీ అదే. సైకిక్‌లకి అది ఎక్కువ కాబట్టి రెండు వైపులా లాభం. దాన్ని కూడా రెండుగా చీల్చేశారు. మూడేళ్ళు ఏలిన రాజుని ఒక్క ప్యాచ్‌తో దించేశారు.

2002లో రూబీ, సఫైర్. ఎబిలిటీలు వచ్చాయి, నేచర్‌లు వచ్చాయి, ముఖ్యంగా డబుల్ బ్యాటిల్ వచ్చింది. ఇద్దరిద్దరు దిగడం. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ, బ్యాలెన్స్ అన్న మాటకి అర్థమే మారిపోయింది. అప్పటిదాకా నా దగ్గర అన్నిటికీ జవాబు ఉందా అన్నది ప్రశ్న. ఇప్పుడు, నా పక్కనున్నవాడు నాకు పనికొస్తాడా, లేక నా దెబ్బ వాడికే తగులుతుందా అన్నది కూడా ప్రశ్న. ఎర్త్‌క్వేక్ తెలుసు కదా? ఎదుటి ఇద్దరికీ తగులుతుంది, మీ పక్కవాడికీ తగులుతుంది. పక్కవాడు ఎగిరే రకం అయితేనే బతికిపోతాడు.

2006లో డైమండ్, పర్ల్. అంతకుముందు ఒక టైప్ మొత్తం ఒకే రకం దాడి. వాటర్ అంటే అన్నీ స్పెషల్, అంతే. పాపం గ్యారడోస్ చూడండి, కొరికే బలం ఉంది, కానీ సొంత వాటర్ దెబ్బలన్నీ స్పెషల్ లెక్కలోకి వెళ్ళిపోయేవి. పుట్టుకకీ పనికీ పొత్తు లేదు. 2006లో ప్రతి దెబ్బకీ విడిగా లెక్క పెట్టారు. గ్యారడోస్‌కి వాటర్‌ఫాల్ చేతికొచ్చింది, అప్పుడు మొదలైంది దాని అసలు కథ. అదే గేమ్‌లో పచిరిసు అనే ఉడత కూడా పుట్టింది. ఆ ఉడత పేరు గుర్తుపెట్టుకోండి.

2010లో బ్లాక్, వైట్ తెచ్చిన మార్పు మన కోళ్ళవాళ్ళకి బాగా అర్థమవుతుంది: టీం ప్రివ్యూ. మ్యాచ్‌కి ముందు ఇద్దరికీ ఎదుటివాడి ఆరుగురూ కనిపిస్తారు. అంతకుముందు గుడ్డిగా దిగడమే. మన దగ్గర ఈ రెండింటికీ ఎప్పటినుంచో పేర్లున్నాయి. పుంజుల్ని ఒకరికొకరు చూపించుకుని కుదుర్చుకుంటే చూపుడు పందెం. కనపడకుండా కప్పి తెచ్చి దింపితే ముసుగు పందెం. నింటెండో ముసుగు నుంచి చూపుడికి రావడానికి 14 ఏళ్ళు పట్టింది.

2013లో ఫెయిరీ వచ్చింది, డ్రాగన్ల పొగరు దించడానికి. మొత్తం 18 టైప్‌లు. 18ని 18తో గుణిస్తే 324 గడులు. అదే ఈ రోజు మీరు చూసే చార్ట్.

ఇప్పుడు మా బావల మాటలో తప్పు సగం దగ్గరికొద్దాం.

పోకెమాన్ చార్ట్‌లో 324 గడులు. ఒక్కో గడిలో ఒక అంకె: సున్నా, సగం, ఒకటి, రెండు. అది ఎవరికైనా ఎప్పుడైనా ఒకటే. సోమవారం ఆడినా, అమావాస్యనాడు ఆడినా వాటర్ ఫైర్‌ని రెండింతలు కొడుతుంది. నమ్మకపోతే వెయ్యి సార్లు ఆడి చూడొచ్చు. చార్ట్ తప్పైతే పట్టుబడుతుంది, 1996 ఘోస్ట్ తప్పు పట్టుబడినట్టే. పట్టుబడ్డాక సరిచేస్తారు.

ఇప్పుడు కుక్కుటశాస్త్రం లెక్క వేద్దాం. రంగులు ఓ 15 అనుకోండి. 15 ఇంటూ 15, 225. వారాలు ఏడు, 1575. పగటి భాగాలు ఐదు, 7875. పక్షాలు రెండు, 15,750. ఇంకా దిక్కులు కలపలేదు, డ్యూయల్ టైప్‌లు కలపలేదు. ఇందులో ఒక్క గడి నిజమో కాదో తేల్చాలన్నా అదే రంగు, అదే వారం, అదే వేళ పడిన పందేలు వందల్లో కావాలి. ఎవరు రాసిపెట్టారు? ఎవరూ రాయలేదు. గెలిస్తే శాస్త్రం గొప్పది. ఓడితే వేళ తప్పింది, దిక్కు తప్పింది, పుంజు రంగు సరిగ్గా చూడలేదు, అది డేగ కాదు మైల. ఎన్ని గడులుంటే అన్ని సాకులు. ఓడిపోయే అవకాశమే లేని చార్ట్‌ని నమ్మి జనం పొలాలు పెడుతున్నారు, అప్పులు తెస్తున్నారు. వెంప, ఐ.భీమవరం పక్కల బరుల దగ్గర మూడు రోజుల్లో ఎంత డబ్బు చేతులు మారుతుందో నేను మీకు చెప్పక్కర్లేదు.

పైగా కత్తి. కాలికి కత్తి కట్టాక ఆ పుంజుని రెండేళ్ళు జీడిపప్పు, బాదంపప్పు పెట్టి మేపినా, ఈత కొట్టించినా, ఒక్క గీత చాలు. సెకన్లలో అయిపోతుంది. గేమ్‌లో ప్రతి దెబ్బకీ ముప్పై శాతం అవకాశంతో మ్యాచ్ అయిపోయేలా పెడితే మీరు దాన్ని ఆడతారా? స్కిల్ లేదు, లక్కే అని తిట్టి అన్‌ఇన్‌స్టాల్ చేస్తారు. కత్తి లేకుండా ఆడే డింకీ పందెంలో కనీసం పుంజు సత్తా కొంత బయటపడుతుంది. అయినా రెండూ హింసే, దాంట్లో నాకు రెండో మాట లేదు. గేమ్‌లో ఓడిన పోకెమాన్ సొమ్మసిల్లుతుంది, సెంటర్‌కి తీసుకెళ్తే లేస్తుంది. బరిలో ఓడిన పుంజు ఆ రాత్రికి కూర.

చట్టం కూడా కొత్తది కాదు. జంతువులపై క్రూరత్వాన్ని ఆపే చట్టం 1960 నాటిది. ఆంధ్రప్రదేశ్ గేమింగ్ యాక్ట్ 1974 నాటిది. జల్లికట్టు కేసులో 2014 మే 7న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు జంతువుల్ని రెచ్చగొట్టి పోట్లాడించడం గురించి కూడా గట్టిగానే చెప్పింది. 2016 డిసెంబర్‌లో హైకోర్టు కోడిపందేలు ఆపమంది. తర్వాత జనవరిలో ఏం జరుగుతోందో మనకి తెలుసు, పోలీసులకీ తెలుసు.

సరే, అదే 2014లో, ఆగస్టులో, వాషింగ్టన్‌లో ఏం జరిగిందో చూడండి.

పోకెమాన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్. ఫార్మాట్ ఏంటంటే ఆరుగుర్ని తెస్తావు, చూపుడు పందెంలా చూపిస్తావు, నలుగుర్ని ఎంచుకుంటావు, ఇద్దరిద్దరు దిగుతారు. దక్షిణ కొరియా కుర్రాడు సె జున్ పార్క్ టీం ఇది: గ్యారడోస్, గార్చాంప్, గార్డెవాయిర్, టాలన్‌ఫ్లేమ్, గోథిటెల్, ఆరోది పచిరిసు. మన ఉడత. చూసినవాళ్ళకి నవ్వొచ్చింది. గార్చాంప్ అంకెలన్నీ కలిపితే 600. పచిరిసువి 405. ఎవరూ వాడని పోకెమాన్.

ఆ ఉడత కొట్టడానికి రాలేదు. ఫాలో మీ అనే మూవ్ వాడితే, ఎదుటివాళ్ళు కొట్టే దెబ్బలు పక్కవాడికి కాకుండా దానికి తగులుతాయి. దాని ఎబిలిటీ వోల్ట్ అబ్జార్బ్. కరెంటు దెబ్బ తగిలితే చావదు సరికదా, ప్రాణం పెరుగుతుంది. ఇప్పుడు గ్యారడోస్‌ని చూడండి. వాటర్, ఫ్లయింగ్ రెండూ ఉండడంతో కరెంటు దెబ్బ నాలుగింతలు తగులుతుంది. దానికున్న పెద్ద భయం అదొక్కటే. ఆ భయాన్నే ఈ ఉడత తాగేస్తుంది. సిట్రస్ బెర్రీ తిని ఇంకాసేపు నిలబడుతుంది, సూపర్ ఫ్యాంగ్‌తో ఎదుటివాడి ప్రాణం సగం కొరికేస్తుంది, నజిల్‌తో వాడి వేగం చంపేస్తుంది. ఈలోగా పక్కన గ్యారడోస్ మెగా అయి బలం పెంచుకుని కూర్చుంటుంది. గార్చాంప్ ఎర్త్‌క్వేక్ కొడితే పక్కన టాలన్‌ఫ్లేమ్ గాల్లో ఉంటుంది. ఒకడి బలహీనత ఇంకొకడి ఉద్యోగం. సె జున్ ఛాంపియన్ అయ్యాడు. 405 మార్కుల ఉడత ఫైనల్లో కూడా ఆడింది.

పచిరిసు బలమైనదా అంటే కాదు. ఆ ఐదుగురి పక్కన, ఆ సంవత్సరం ఎదుటివాళ్ళు తెచ్చే టీంల ముందు, ఆ ఒక్క సీటుకి మాత్రం దానికంటే బాగా సరిపోయేది ఆయనకి కనిపించలేదు. ఇప్పుడు మీరు అదే ఉడతని తెచ్చి మీ టీంలో పెడితే ఏమీ జరగదు. అందుకే మొదట్లో పేర్లు చెప్పనన్నాను.

మరి ఎలా కట్టాలి? మీకు నచ్చిన ఒక్క పోకెమాన్‌తో మొదలెట్టండి. నచ్చిందే, టాప్ లిస్టులో ఉన్నది కాదు. దాని కింద కాగితం మీద రాయండి: ఇది దేనికి చస్తుంది? ఆ జవాబుకి జవాబుగా రెండోది. ఆ ఇద్దరికీ కలిపి ఏది కష్టమో దానికి మూడోది. డ్రాగన్, స్టీల్, ఫెయిరీ ముగ్గురూ ఒకరినొకరు ఎలా కాచుకుంటారో ఒకసారి చార్ట్‌లో చూడండి, పద్ధతి అర్థమైపోతుంది. నాలుగోది వేగం కోసం: మీవాళ్ళ వేగం పెంచే టెయిల్‌విండో, నెమ్మదిగా ఉన్నవాళ్ళని ముందు కొట్టనిచ్చే ట్రిక్ రూమో, ఏదో ఒకటి ఉండాలి. వేగం గురించి ఆలోచించని టీం సగం మ్యాచ్‌లు కొట్టకుండానే ఓడిపోతుంది. ఐదోది, మిగతావాళ్ళు ప్రశాంతంగా పని చేసుకోనిచ్చే రకం. దెబ్బలు మీదకి తీసుకునేదో, ఎదుటివాడి బలం తగ్గించేదో.

ఆరో సీటు ఖాళీగా వదిలేయండి. నిజంగానే. ఫోన్ బ్రౌజర్‌లో షోడౌన్ తెరిచి, డబ్బుల్లేని ఆటే కదా, ఐదుగురితో ఓ ముప్పై మ్యాచ్‌లు ఆడండి. ప్రతి ఓటమికీ ఒక లైను రాయండి, ఎవరి చేతిలో పోయామని. "లక్ బాలేదు" అని మాత్రం రాయొద్దు. ఆ కాగితంలో ఒక పేరు ఏడెనిమిది సార్లు కనిపిస్తుంది. ఆరోది దానికోసం.

వచ్చే ఎపిసోడ్‌లో ట్రిక్ రూమ్ చేద్దాం. ఆ ముప్పై లైన్ల కాగితం దగ్గర పెట్టుకుని కూర్చోండి. ఉంటానండి.